మార్గళి తెల్లవారుజామున మేడ తలుపులు తీయండి

కోయంబత్తూరు, మదురై తెలుగు సంఘాల పెద్దలకు, కల్యాణ మండపాల ధర్మకర్తలకు బహిరంగ లేఖ



2029 డిసెంబరు 21, శుక్రవారం తెల్లవారుజామున సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. రాత్రి 2:25కి పట్టు మొదలవుతుంది. 3:45కి చంద్రుడు పూర్తిగా భూమి నీడలో మునుగుతాడు. 4:39 వరకూ మునిగే ఉంటాడు. 5:59కి విడుపు. ఆ రోజుల్లో మన వైపు పొద్దు పొడిచేది ఆరున్నర ప్రాంతంలో. అంటే పట్టు నుంచి విడుపు దాకా గ్రహణమంతా కోయంబత్తూరులోనూ మదురైలోనూ ఆకాశంలోనే ఉంటుంది.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఆ వేళ మీ ఆధీనంలో ఉన్న కల్యాణ మండపాల మేడ తలుపులు తీసి ఉంచండి. రెండు గంటల నుంచి ఆరు దాకా పైన దీపాలు ఆర్పించండి. మన పిల్లల్ని, వాళ్ళ అవ్వాతాతల్ని పైకి రమ్మని పిలవండి.

ఇంత ముందుగా ఎందుకు రాస్తున్నానో చెప్తాను. పడుకోబోయే వేళ పట్టే గ్రహణానికి ఎవరి పిలుపూ అక్కర్లేదు. 2025 సెప్టెంబరు 7 రాత్రి పదకొండు నుంచి పన్నెండున్నర లోపు జరిగిన సంపూర్ణ గ్రహణాన్ని, మబ్బు అడ్డం రాని చోటల్లా జనం వీధిలో నిలబడి చూశారు. తెల్లవారుజాము గ్రహణం వేరు. దానికి ఒకరు లేవాలి, ఇంకొకరిని లేపాలి, చీకట్లో బయటికి వెళ్ళాలి, పడమటి దిక్కు తెరిపిగా ఉన్న చోటు దొరకాలి. తెల్లవారే వేళకు పున్నమి చంద్రుడు పడమట దిగిపోతూ ఉంటాడు కదా. ఇరుకు సందుల్లోంచి, అపార్ట్‌మెంట్ బాల్కనీల్లోంచి ఆ దిక్కు కనబడదు. మేడ తలుపుకు తాళం ఉంటుంది, తాళం చెవి కాపలాదారు దగ్గర ఉంటుంది, కాపలాదారు నిద్రలో ఉంటాడు.

2007 మార్చి 4, ఆదివారం. ఆ గ్రహణం 4:14 నుంచి 5:28 దాకా సంపూర్ణం. నేను మదురైలో మా అమ్మ పుట్టింట్లో ఉన్నాను. ఆ సందులో ఇంటికి ఇల్లు ఆనుకుని ఉంటుంది. చంద్రుడు ఎదురింటి నీళ్ళ ట్యాంకు వెనక్కి ఎప్పుడో దిగిపోయాడు. ఇంట్లో పెద్దవాళ్ళు వాకిలి దాటవద్దన్నారు. బతిమాలి, ఒప్పించి, బయటపడి, నాలుగు వీధులు నడిచి ఒక ఖాళీ స్థలం చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది. ఎర్రటి చంద్రుణ్ణి చూసింది కాసేపే. ఆ రోజు విడుపు లెక్క ప్రకారం 6:42కి. ఆలోపే చంద్రుడు అస్తమించాడు, అంచున ఇంకా కొంచెం నీడ మిగిలి ఉండగానే. పంచాంగంలో గ్రస్తాస్తమయం అని రాసేది దీన్నే. ఆ సందులో నాకు తెలిసి గ్రహణం కోసం బయటికి వచ్చిన మనిషి ఇంకొకరు లేరు. లేచి ఉన్నవాళ్ళు లేక కాదు. దాదాపు ప్రతి ఇంట్లోనూ దీపం వెలుగుతూనే ఉంది. పట్టు స్నానాలు చేసి, తలుపులు వేసుకుని కూర్చున్నారు.

2018 జూలై 28న మరొకటి. ఈ శతాబ్దంలో అతి దీర్ఘమైన సంపూర్ణ చంద్రగ్రహణం అదే. రాత్రి ఒంటి గంట నుంచి 2:43 దాకా, 103 నిమిషాలు. అంగారకుడు కూడా ఆ వారంలోనే భూమికి బాగా దగ్గరగా వచ్చి, చంద్రుడి పక్కన ఎర్రగా మెరిశాడు. కానీ జూలైలో కోయంబత్తూరు సంగతి మీకు తెలుసు. పాలక్కాడు కనుమలోంచి నైరుతి గాలి మబ్బుల్ని తోసుకొస్తూనే ఉంటుంది. పీలమేడులో మేం మబ్బు సందుల్లోంచి చూడగలిగింది చాలా కొద్ది. ఆ రాత్రి మదురైలో ఎలా ఉందో అడిగి తెలుసుకుందామంటే, మేలుకుని ఉన్నవాళ్ళు ఎవరో కూడా మాకు తెలియదు. రెండు ఊళ్ళకీ మధ్య రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒకచోట మబ్బు పడితే రెండోచోట తెరిపి ఇవ్వవచ్చు. మీ సంఘాలు ముందే మాట్లాడుకుని, ఒక మేడ మీది నుంచి ఇంకో మేడకు ఫోనులో బొమ్మ చూపించే ఏర్పాటు చేసుకుంటే ఏ ఊరి పిల్లలూ పూర్తిగా నిరాశపడరు. డిసెంబరు మూడో వారమంటే ఈశాన్య రుతుపవనం చివరి రోజులు. ఆకాశం తేటగా ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేరు గనుక ఈ ఏర్పాటు తప్పనిసరి.

ఆ రోజు చంద్రుడు ఎక్కడ ఉంటాడో చెప్పడం అవసరం. మండపం ఎంచుకోవడానికి అదే ఆధారం. 3:45కి పడమర దిక్కున, కాస్త ఉత్తరానికి జరిగి, దిగంతానికీ నడినెత్తికీ మధ్య సగం కంటే కొంచెం కిందగా ఉంటాడు. 4:39కి మరింత దిగుతాడు. విడుపు వేళకు బాగా కిందికి వచ్చేస్తాడు. కోయంబత్తూరులో అయితే మరుదమలై వైపు. మదురైలో అయితే నాగమలై వరుస ఉన్న వైపు. కాబట్టి పడమట ఎత్తైన భవనం అడ్డు లేని మేడ కావాలి. చుట్టూ వీధి దీపాల వెలుగు మేడ మీదికి పడకుండా ఒక గుడ్డ తెర కట్టినా చాలు. అవినాశి రోడ్డు మీద 2025 అక్టోబరులో తెరిచిన జి.డి.నాయుడు వంతెన పది కిలోమీటర్ల పొడవునా వెలుగుతూ ఉంటుంది. ఆ రోడ్డును ఆనుకుని ఉన్న మండపాల కంటే లోపలి వీధుల్లోవి మేలు. మామూలు పున్నమికైతే ఈ జాగ్రత్త అక్కర్లేదు. సంపూర్ణ దశలో చంద్రుడి వెలుగు వేల రెట్లు పడిపోతుంది, అప్పుడు కరెంటు దీపం కంటికి అడ్డం.

నీడ మొదట చంద్రుడి పై అంచున కనబడుతుంది. అక్కడి నుంచి కిందికి కమ్ముతుంది. ఈసారి చంద్రుడు నీడ నట్టనడుమ నుంచి వెళ్ళడు, దక్షిణపు అంచుకు దగ్గరగా వెళ్తాడు. అందుకే సంపూర్ణ దశ 54 నిమిషాలే. అందుకే చంద్రబింబం అంతా ఒకే రంగులో ఉండదు. పడమటికి తిరిగి నిలబడితే ఎడమ అంచు వెలుగ్గా, కుడివైపు మసకగా ఉంటుంది. చుట్టూ నక్షత్రాలు మళ్ళీ కనబడతాయి. కిందుగా రోహిణి, ఎడమ పక్కన మృగశిర, ఆర్ద్ర, పైన కుడివైపు పునర్వసు జంట. పున్నమి రాత్రి ఇన్ని నక్షత్రాలు కనబడడం గ్రహణం రోజునే సాధ్యం.

ఎరుపు ఎందుకో పిల్లలు అడుగుతారు. సూర్యకాంతి భూమి చుట్టూ ఉన్న గాలి పొరలోంచి వంగి వెళ్తుంది. దారిలో నీలం చెదిరిపోతుంది, ఎరుపు మిగిలి నీడలోకి చేరుతుంది. ఆ క్షణాన భూగోళం మీద ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తోందో, ఎక్కడెక్కడ పొద్దు కుంకుతోందో ఆ వెలుగంతా కలిసి చంద్రుడి మీద పడుతుంది. గాలిలో దుమ్ము ఎక్కువైతే రంగు ముదురుతుంది. ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం 1991 జూన్‌లో పేలింది. ఆ ధూళి పైగాలిలో ఉండగానే 1992 డిసెంబరు 10న, మనకు అదీ తెల్లవారుజామే, పట్టిన గ్రహణంలో చంద్రుడు దాదాపు కనబడకుండా నల్లబడ్డాడు. ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ఆంద్రే దాంజొన్ 1921లో ఈ రంగుకు సున్నా నుంచి నాలుగు వరకూ కొలబద్ద పెట్టాడు. కనీ కనబడనంత నలుపైతే సున్నా, రాగి చెంబులా మెరిస్తే నాలుగు. దీనికి దుర్భిణి అక్కర్లేదు, కన్ను చాలు. మేడ మీదికి వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి 4:12కి, అంటే గ్రహణ మధ్యకాలంలో, తనకు కనబడిన రంగుకు అంకె వేయమనండి. ఆ కాగితాలు సంఘం బీరువాలో దాచండి.

ఇక ఆచారం సంగతి. ఇది దాటవేసే విషయం కాదు. మీలో చాలామంది మనసులో ఉన్న అడ్డు అదే.

2029 డిసెంబరు 21 మార్గళి నెల మొదటి వారంలో వస్తుంది. ఆ నెలంతా మన ఇళ్ళలో చీకటితోనే లేస్తారు. వాకిట పెద్ద ముగ్గులు, గుమ్మడి పువ్వులు, తిరుప్పావై. ఆండాళ్ పుట్టింది మదురైకి అంత దూరం కాని శ్రీవిల్లిపుత్తూరులో. ఆమె కథను తెలుగులో ఆముక్తమాల్యదగా రాసింది శ్రీకృష్ణదేవరాయలు. ఆమె తండ్రి విష్ణుచిత్తుడు వాదానికి వెళ్ళిన పాండ్యుల సభ మదురైలోనిది. ఆ ఆండాళ్ తిరుప్పావైని ఆరంభించిందే మార్గళి పున్నమిని తలుచుకుని. ఇంకో పాశురంలో శుక్రుడు పొడిచాడు, గురుడు నిద్రకు వెళ్ళాడు అని చెలికత్తెను లేపుతుంది. ఆ ఒక్క మాట పట్టుకుని పండితులు ఆమె కాలాన్ని లెక్క కట్టడానికి ప్రయత్నించారు. తెల్లవారుజామున ఆకాశం చూసిన అమ్మాయి ఆమె. మన ఆడపిల్లలు ఇప్పటికీ ఆ వేళకే లేచి పాడేది ఆ అమ్మాయి పాటలు. వాళ్ళను ఆ ఒక్క తెల్లవారుజామున లోపల కూర్చోబెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇంకొకటి కూడా కలిసి వచ్చింది. ఆ పున్నమి మార్గశిర పౌర్ణమి. గ్రహణ సమయానికి చంద్రుడు సరిగ్గా మృగశిరలోనే ఉంటాడు. పున్నమి చంద్రుడు మృగశిర దగ్గర ఉంటాడు కనుకనే ఆ నెలకు ఆ పేరు. పేరు పెట్టినవాళ్ళు తలెత్తి చూసి పెట్టారు.

పట్టు స్నానం, విడుపు స్నానం అనే మాటలు చూడండి. పట్టింది, విడిచింది అని పూర్వం ఎలా తెలుసుకున్నారు? గడియారం లేదు, టీవీ లేదు. ఎవరో ఒకరు బయట నిలబడి చూశారు, చూసి లోపలికి చెప్పారు. చూడడం ఆచారంలోనే ఉంది. ఇప్పుడు స్నానం మిగిలింది, చూపు పోయింది. నేను మిమ్మల్ని స్నానం మానమనడం లేదు. జపం చేసుకునేవాళ్ళు మేడ మీదే ఒక పక్కన కూర్చుని చేసుకోవచ్చు. విడుపు దాకా ఏమీ తిననివాళ్ళ కోసం కాఫీ, పొంగలి ఆరు తర్వాతే వడ్డించవచ్చు. రెండు ఇష్టాలకూ ఆ మేడ మీద చోటుంది.

గర్భిణుల విషయంలో మాత్రం స్పష్టంగా చెప్పాలి. వెన్నెల అంటే చంద్రుడి మీద పడి తిరిగి వచ్చే ఎండే. గ్రహణంలో అది తగ్గుతుంది, అంతే. కొత్తగా ఏ కిరణమూ పుట్టదు. సూర్యగ్రహణాన్ని ఉత్త కంటితో చూస్తే కన్ను పాడవుతుందన్న హెచ్చరిక నిజమైనది, దాన్ని పాటించి తీరాలి. చంద్రగ్రహణానికి ఆ ప్రమాదం లేదు. చీకటి గదిలో కదలకుండా గంటల తరబడి పడుకోబెట్టిన గర్భిణులను మా ఇంట్లోనే చూశాను. ఆకలి, దాహం, భయం వాళ్ళకు చేసే హాని చంద్రుడు చేయడు. చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళ సంగతీ అంతే. చంద్రగ్రహణానికి మూడు జాముల ముందు నుంచి భోజనం మానాలన్న లెక్క పెడితే ముందు రోజు సాయంత్రం ఐదున్నర నుంచే పస్తు. రాత్రి మాత్ర వేసుకుని పస్తుంటే తెల్లవారేలోపు ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు. పసివాళ్ళకూ, ముసలివాళ్ళకూ, రోగులకూ పాత నియమంలోనే సడలింపు ఉంది. మీ నోటితో ఆ మాట చెప్తే వింటారు, డాక్టరు చెప్తే వినరు. దయచేసి చెప్పండి.

గ్రహణం పూట గుళ్ళు చాలావరకు మూస్తారు. శ్రీకాళహస్తి లాంటివి మినహాయింపు. మార్గళిలో నాలుగింటికే గుడికి బయల్దేరే జనానికి ఆ ఒక్క రోజు వెళ్ళడానికి చోటు ఉండదు. మరోపక్క ఆ నెల ధనుర్మాసం, పెళ్ళిళ్ళు ఉండవు, మీ మండపాలు ఖాళీ. లేచిన జనం, ఖాళీ మేడలు, పైన గ్రహణం, అన్నీ ఒకే తెల్లవారుజామున. ఇక కావలసింది పిలుపు.

పున్నమి తెల్లవారుజామున గుంపుగా నిలబడడం మదురై తెలుగువాళ్ళకు కొత్త కాదు. చిత్రా పౌర్ణమికి కళ్ళళగర్ స్వామి వైగైలో దిగే ఘట్టం చూడడానికి చీకటితోనే నది ఒడ్డున చోటు పట్టుకునేవాళ్ళం మనం. ఈ ఉత్సవాన్ని మీనాక్షి కల్యాణంతో కలిపి ఇప్పటి చిత్తిరై తిరునాళ్ళుగా చేసింది తిరుమల నాయకుడని చెప్పుకుంటాం. తరువాతి కాలంలో విజయరంగ చొక్కనాథుడి ఏలుబడిలో శేషము వేంకటపతి శశాంకవిజయం అనే తెలుగు కావ్యం రాశాడు. చంద్రుణ్ణి కథానాయకుడిగా పెట్టుకున్న కావ్యం మదురై నాయకుల ఏలుబడిలో పుట్టింది.

లెక్క విషయంలోనూ మన దక్షిణాదికి తక్కువేమీ లేదు. చంద్రుడు భూమి నీడలో ప్రవేశించడమే గ్రహణమని ఆర్యభటుడు 499లోనే చెప్పాడు. 1825లో జాన్ వారెన్ అనే దొర పుదుచ్చేరిలో ఒక తమిళ పంచాంగకర్తను చూశాడు. ఆయన నేల మీద గవ్వలు పేర్చుకుంటూ, పట్టికలన్నీ కంఠస్థంగా, కాగితం ముట్టకుండా ఒక చంద్రగ్రహణాన్ని లెక్క కట్టాడు. పట్టు వేళకు నాలుగు నిమిషాలే తేడా వచ్చింది, మధ్యకాలానికి ఇరవై మూడు నిమిషాలు, విడుపుకు యాభై రెండు. ఆ తేడా తెలిసింది గ్రహణాన్ని కంటితో చూసినవాళ్ళు ఉన్నారు కాబట్టి. తెలుగు నేల మీద చూస్తే 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. హీలియం కనిపెట్టిన కథలో ఆ గ్రహణానిది మొదటి అధ్యాయం. అదే గ్రహణాన్ని మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తి నుంచి పరిశీలించాడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్ళినప్పుడు, ఆ సంగతి మామూలు జనానికి తెలియాలని ఇంగ్లీషుతో పాటు దేశభాషల్లోనూ పుస్తకం వేయించాడు. నేను మీ నుంచి ఆశించేది ఆయన చేసిన ఆ పనే.

కోయంబత్తూరు పెద్దలకు ప్రత్యేకంగా ఒక మాట. కలంగల్‌లో పుట్టిన జి.డి.నాయుడు గారు, టెక్స్‌టూల్ బాలసుందరం గారు కలిసి 1937లో పీలమేడులో ఈ దేశపు మొదటి విద్యుత్ మోటారు తయారు చేశారు. పి.ఎస్.జి. కుటుంబం 1926లో ధర్మసంస్థ పెట్టి, బళ్ళు, కాలేజీలు కట్టింది. బావుల్లో నీళ్ళు తోడే పంపుసెట్టు నుంచి నూలు మిల్లుల దాకా, యంత్రాన్ని విప్పి చూసి నేర్చుకున్న జనం మనవాళ్ళు. అలాంటి ఊళ్ళో ఒక నీడకు తలుపు వేసుకోవడం ఇంకెంత కాలం?

ఆ తెల్లవారుజామున మాట్లాడడానికి ఒక సైన్సు మాస్టారినో టీచరమ్మనో పిలవండి. మన పిల్లలు బళ్ళో తమిళం చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బళ్ళలో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత తెలుగు చదవడం, రాయడం వచ్చిన పిల్లలు ఇంకా తగ్గారు. మాట్లాడడానికి వచ్చినవాళ్ళు మన ఇంటి తెలుగులో చెప్పాలి, అవ్వకూ మనవరాలికీ ఒకేసారి అర్థమయ్యేలా. కరపత్రం తమిళ లిపిలో వేసినా పరవాలేదు, మాట తెలుగుగా ఉంటే. మైకు వద్దు. ఆ వేళ మార్గళి పాటల లౌడ్‌స్పీకర్లు ఉంటే వాటిని కూడా విడుపు దాకా ఆపమని ఇరుగుపొరుగును అడగండి. అది పరీక్షల కాలం కాబట్టి బడికి వెళ్ళే పిల్లల్ని 3:30కి లేపి 4:45కి మళ్ళీ పడుకోబెట్టమని తల్లులకు చెప్పండి. అసలైన భాగం ఆ గంటంపావులోనే ఉంది.

ఇంకో మాట రాయకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. ఆ వేళకు మనందరికంటే ముందు లేచి వీధుల్లో ఉండేది పారిశుద్ధ్య కార్మికులు. కోయంబత్తూరులోనూ మదురైలోనూ వాళ్ళలో ఎంతోమంది అరుంధతీయులు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. తరతరాలుగా ఇక్కడే ఉన్నా మన తెలుగు సంఘాల పిలుపులు వాళ్ళ వాడలకు చేరవు, మన మండపాల మెట్లు వాళ్ళు ఎక్కింది ఊడవడానికే. ఆ తెల్లవారుజామున వాళ్ళ పిల్లల్ని పేరుపేరునా పిలవండి. మిగతా అందరితో పాటు అదే మేడ మీద, అదే వరుసలో నిలబెట్టండి. ఇది చేయలేకపోతే తెలుగు సంఘం అనే బోర్డుకు అర్థం లేదని నా అభిప్రాయం, దాచుకోను.

చంద్రగ్రహణం భూమి మీద అందరికీ ఒకే క్షణంలో జరుగుతుంది. మనకు 3:45 అయినప్పుడు న్యూజెర్సీలో డిసెంబరు 20 సాయంత్రం 5:15. అక్కడ చంద్రుడు అప్పుడప్పుడే తూర్పున లేచి ఉంటాడు. లండన్‌లో రాత్రి పదింపావు. అక్కడ స్థిరపడిన మన పిల్లలు అదే సమయానికి అదే నీడను చూడగలరు. పీలమేడు అవ్వ పడమటికి, న్యూజెర్సీ మనవడు తూర్పుకు తిరిగి నిలబడి ఫోనులో మాట్లాడుకోవచ్చు. వాళ్ళకు కూడా తేదీ ఇప్పుడే చెప్పి ఉంచండి.

దీనికి ముందు ఒక సాధన అవకాశం ఉంది. 2028 డిసెంబరు 31, ఆదివారం రాత్రి మన ఊళ్ళలో మరో సంపూర్ణ చంద్రగ్రహణం. 8:37కి పట్టు, పదికి పావు తక్కువ నుంచి పదకొండుకు రెండు మూడు నిమిషాల ముందు దాకా సంపూర్ణం, కొత్త సంవత్సరం పుట్టిన ఆరేడు నిమిషాలకు విడుపు. అది నిద్ర మానుకోనక్కర్లేని గ్రహణం. భయపడేవాళ్ళకు ఆ రాత్రి ఒకసారి చూపించండి. చూసి ఇంటికి క్షేమంగా వెళ్ళినవాళ్ళు ఏడాది తర్వాత తెల్లవారుజామున తామే వస్తారు, ఇంకొకరిని వెంట తెస్తారు.

మీ సంఘాల వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ రెండు తేదీలనూ తీర్మానంగా పెట్టండి. ఏ మండపం, ఏ మేడ, ఎవరు మాట్లాడతారు, రెండో ఊరి సంఘంలో ఎవరితో ఫోనులో ఉండాలి అన్నది రాయించండి. మేడ తాళం చెవి ఆ రాత్రి ఎవరి దగ్గర ఉంటుందో కూడా ఆ తీర్మానంలోనే రాయించండి.

ఇట్లు,
పీలమేడు తెలుగింట పుట్టిన ఒక పౌరురాలు